కనిపించని పొరుగువారి కోసం

2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ మధ్యాహ్నం విశాఖపట్నం మీద విరుచుకుపడిన తుఫాను పేరు హుద్‌హుద్. మన సముద్రాల్లో పుట్టే తుఫాన్లకు ఈ ప్రాంతపు దేశాలు ముందుగానే పేర్లు ఇచ్చి జాబితా తయారుచేసి ఉంచుతాయి. ఆ జాబితాలో ఒమన్ దేశం ఇచ్చిన పేరు ఇది. నిజానికి అదొక చిన్న పక్షి పేరు. తలమీద విసనకర్ర లాంటి కుచ్చు ఉంటుంది. దివ్య ఖుర్ఆన్ చదివే ఇళ్లలో ఈ పేరు తెలియని పిల్లలుండరు. నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) వృత్తాంతంలో వచ్చే పక్షి అదే.

ఆ వృత్తాంతం మనకు కంఠతా వచ్చు. సులైమాన్ (అ) సైన్యంలో జిన్నులున్నారు, మనుషులున్నారు, పక్షులున్నాయి. ఒకరోజు ఆయన పక్షులను పరిశీలించారు. హుద్‌హుద్ కనిపించలేదు. వెంటనే ఆరా తీశారు. ఆ తర్వాత హుద్‌హుద్ సబా దేశపు వార్త తేవడం, రాణికి లేఖ పంపడం, ఆమె సింహాసనం తెప్పించడం వంటి ఘట్టాలనే మనం పిల్లలకు ఉత్సాహంగా చెబుతాం. కథ మొదలైన చోటును మాత్రం దాటేసి పోతాం. అంతటి సామ్రాజ్యంలో, అంతటి సైన్యంలో, పిడికెడంత పిట్ట ఒకటి కనిపించలేదని రాజుకు తెలిసింది! ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన ముందుగా అడిగిన మాటలో తన చూపు మీదే అనుమానం ఉంది. నాకే కనబడటం లేదా, లేక అది అసలు రాలేదా అన్న తీరులో ఆయన అడిగారు. లేనివారి గురించి అడిగేటప్పుడు తప్పు తన కంటిలో ఉందేమోనని ముందు చూసుకోవడం దైవప్రవక్తల మర్యాద.

మేము ఈ విషయాన్ని తఫ్సీరు గ్రంథాల్లో చదివి నేర్చుకోలేదు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన మూడో రోజున, మా ఇంటి వెనక గోడ దగ్గర, సిగ్గుతో నేర్చుకున్నాం.

మా వీధిలో జరిగినది

గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి. డాబాల మీది నీళ్ల ట్యాంకులు దొర్లుకుంటూ వీధుల్లో పడ్డాయి. తుఫాను కన్ను నగరం మీదుగా వెళ్లేటప్పుడు కొంతసేపు గాలి ఆగిపోయింది. అంతా అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. మేమూ వచ్చాం. మా స్కూటరు మీద కొమ్మ పడిందేమో చూసుకుని, గేటుకు తాడు కట్టుకుని లోపలికి వెళ్లాం. అప్పటిదాకా ఒక దిక్కు నుంచి కొట్టిన గాలి తర్వాత ఎదురు దిక్కు నుంచి కొట్టింది. మొదటి గాలికి వంగిన చెట్లు రెండో గాలికి పడిపోయాయి. ఆ విరామంలో చుట్టుపక్కల ఒక్క తలుపు తట్టినా బాగుండేదని తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం తోచలేదు.

సోమవారం తెల్లవారేసరికి ఊరు ఊరులా లేదు. పచ్చదనం పోయింది, నిలబడిన చెట్లకు ఆకుల్లేవు. కరెంటు లేదు. సెల్ టవర్లు పనిచేయలేదు కాబట్టి ఫోన్లు లేవు. ఏటీఎంలు మూగబోయాయి. పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరారు. పాల పాకెట్ కోసం చంటిపిల్లల తల్లులు వీధి వీధీ తిరిగారు. మేము మసీదుకు వెళ్లాం. జమాఅత్ సోదరులంతా కలిసి నీళ్లు తోడి, విరిగిన అద్దాలు ఏరి, చాపలు ఎండబెట్టాం. ఎవరిల్లు కూలింది, ఎవరికి ఏం కావాలి అని పేర్లు రాసుకున్నాం. మంచి పనే. అల్లాహ్ స్వీకరించుగాక. అయితే ఆ కాగితం మీద ఉన్నవన్నీ మసీదుకు వచ్చేవారి పేర్లే.

మంగళవారం మధ్యాహ్నం అన్నాలు తింటుండగా మా చిన్నమ్మాయి వాళ్లమ్మను అడిగింది. "అమ్మీ, వెనక మామ్మ కనబడటం లేదేం?"

మా వెనక గోడను ఆనుకుని ఒక రేకుల గది ఉంది. అందులో ఒక పెద్దావిడ ఒంటరిగా అద్దెకుండేవారు. ఆవిడ హిందువు. పొద్దున్నే వాకిలి ఊడ్చే చీపురు చప్పుడు మాకు ఫజర్ తర్వాత రోజూ వినబడేది. రెండు రోజులుగా ఆ చప్పుడు లేదు. మాలో ఒక్కరమూ గమనించలేదు. పిల్ల గమనించింది.

వెళ్లి చూస్తే గది పైకప్పు సగం లేదు. తలుపుకు అడ్డంగా మునగచెట్టు పడి ఉంది. చెట్టు నరికి లోపలికి వెళితే ఆవిడ మంచం మీద కూర్చుని ఉన్నారు. బియ్యం తడిసిపోయాయి, బి.పి. మాత్రల కాగితం నానిపోయింది. గిన్నెలో పట్టుకున్న వాన నీళ్లతో, డబ్బా అడుగున మిగిలిన అటుకులతో రెండు రోజులు గడిపారు. పిలవకపోయారా మామ్మా అని మా ఇంట్లోవాళ్లు ఏడ్చినంత పని చేస్తే ఆవిడ అన్నమాట ఇది: "మీ ఇల్లు మీకుంది గదా బావూ. మీ బాధల్లో మీరుంటే నానేటని పిలిసేది?"

మేము జవాబు చెప్పలేకపోయాం. ఆ ముందు రోజు రాత్రే పొరుగువారి హక్కుల గురించి మసీదులో ఒక సోదరుడు మాట్లాడగా విని వచ్చాం.

పొరుగువారు ఎవరు?

నిసా సూరా 36వ ఆయతులో అల్లాహ్ తనను మాత్రమే ఆరాధించమని ఆజ్ఞాపించిన వెంటనే తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, అగత్యపరులతో మంచిగా మసలమన్నాడు. ఆ వరుసలోనే పొరుగువారిని పేర్కొన్నాడు, అదీ ఒకే మాటతో సరిపెట్టలేదు. బంధుత్వమున్న పొరుగువారు, ఏ సంబంధమూ లేని పొరుగువారు, పక్కన ఉండే సహచరులు అని విడివిడిగా చెప్పాడు. రెండో రకాన్ని వ్యాఖ్యాతలు వివరిస్తూ బంధువు కానివారు, మన ధర్మం కానివారు కూడా అందులో చేరతారని రాశారు. మూడో రకంలో ప్రయాణంలో పక్కన కూర్చున్న మనిషి కూడా వస్తాడు. తుఫాను రాత్రి పునరావాస కేంద్రంలో మన చాప పక్కన చాప వేసుకున్న మనిషి మరి ఎందులోకి వస్తాడో పాఠకులే ఆలోచించాలి.

పొరుగు ఎంత దూరం? ముందు నలభై ఇళ్లు, వెనక నలభై, కుడివైపు నలభై, ఎడమవైపు నలభై అని హజ్రత్ హసన్ బస్రీ (రహిమహుల్లాహ్) చెప్పినట్లు గ్రంథాల్లో ఉంది. ఇవన్నీ కలిపితే ఒక చిన్న ఊరే. అందరికీ చేయలేం కదా అన్నవారికి హజ్రత్ ఆయిషా (రజి) అడిగిన ప్రశ్నలో జవాబు దొరుకుతుంది. నాకు ఇద్దరు పొరుగువారున్నారు, కానుక ఎవరికి పంపాలి అని ఆమె అడిగితే, ఎవరి తలుపు నీకు దగ్గరో వారికి అని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చారు. ఎవరు మంచివారు, ఎవరు మనవారు అన్న విచారణ అందులో లేదు. తలుపు దూరమే కొలత.

మా వెనక గోడకు తలుపు లేదు. మేము అక్కడే పొరపాటు పడ్డాం. ఆవిడ గుమ్మం వేరే సందులోకి ఉండేది. దాంతో గోడ మాత్రమే ఉమ్మడి అయిన మనిషిని పొరుగుగా లెక్కపెట్టడం మరిచాం.

ఇక ధర్మం వేరైన పొరుగువారి మాట. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో ఒకసారి మేకను కోశారు. ఆయన ఇంటికి రాగానే మన యూదు పొరుగువాడికి పంపారా అని అడిగారు, మళ్లీ అడిగారు. పొరుగువారి గురించి జిబ్రీల్ (అ) ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారంటే, వారిని వారసులుగా చేస్తారేమోనని ప్రవక్త (స)కే అనిపించిందన్న హదీసును అప్పుడు గుర్తుచేశారు. ఆ హదీసు మనందరికీ తెలుసు. దాన్ని ఉల్లేఖించిన సహాబీ ఆచరణలో ఎవరికి వర్తింపజేశారో చెప్పేవారే తక్కువ.

విధి అయిన జకాతును ముస్లిములకే ఇవ్వాలన్నది అధిక సంఖ్యాకులైన ఇమాముల మాట. స్వచ్ఛంద సదఖాకు, కానుకకు, సహాయానికి ఆ కట్టుబాటు లేదు. ఈ తేడా తెలియక కొందరు సోదరులు సహాయం మొత్తాన్నీ జకాతు లెక్కలోనే చూస్తుంటారు.

మూడు రోజుల మాంసం

ఆ ఏడాది బక్రీద్ అక్టోబర్ 6న వచ్చింది. అంటే పండుగ అయిన ఆరు రోజులకు తుఫాను. ఖుర్బానీ మాంసం ఇంకా ఫ్రిజ్‌లలో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆదివారం కరెంటు పోయింది. సోమవారం సాయంత్రానికల్లా ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది.

హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఇక్కడ గుర్తుకు రావాలి. ఒక ఏడాది మహాప్రవక్త (స) ఖుర్బానీ మాంసాన్ని మూడో రాత్రి దాటి ఇంట్లో ఉంచుకోవద్దని ఆదేశించారు. మరుసటి ఏడాది, పోయినసారి లాగే చేయాలా అని సహాబాలు అడిగారు. తినండి, తినిపించండి, దాచుకోండి అని ఆయన అనుమతించారు. క్రితం ఏడాది జనం ఇబ్బందుల్లో ఉన్నందున మీరు వారికి తోడ్పడాలని అలా చెప్పానని కారణం కూడా వివరించారు. చూడండి, వస్తువు అదే, పండుగ అదే. జనం కష్టంలో ఉన్న ఏడాది దాచుకోవడానికి వీల్లేదు, కలిగిన ఏడాది వీలుంది. ఇంట్లో ఉన్నది ఎంతవరకు మనదో పక్కింటి పొయ్యిని బట్టి కూడా తేలుతుందన్నమాట.

ఫ్రిజ్ పనిచేయని రోజున దాచుకోవడం ఎలాగూ కుదరదు, పంచడంలో గొప్పేముంది అని ఒకరు అన్నారు. నిజమే. మాంసం చెడిపోతుందని పంచాం. చెడిపోని బియ్యాన్నీ, కొవ్వొత్తులనూ, గ్యాస్ సిలిండరునూ పంచామా అన్నదే అసలు పరీక్ష. అందులో మా వీధి నూటికి నూరు మార్కులు తెచ్చుకుందని చెప్పలేం.

అయినా ఒక మంచి పని జరిగింది. బుధవారం నుంచి నాలుగు రోజులు మా వీధి చివర ఒకే పొయ్యి వెలిగింది. పడిన చెట్ల కట్టెలే వంటచెరకు. ఎవరింట్లో ఏముంటే అది తెచ్చారు. ఒకరు పప్పు, ఒకరు తడవని బియ్యం, ఒకరు రెండు గుమ్మడికాయలు. మాంసం తినని కుటుంబాలు మూడు ఉన్నాయి కాబట్టి వారికి గిన్నెలు, గరిటెలు వేరుగా పెట్టి ముందుగా వండాం. పెట్టేటప్పుడు ఎదుటివారు ఏం తింటారో తెలుసుకుని పెట్టాలి. అష్అరీ తెగవారి గురించి హజ్రత్ అబూమూసా (రజి) చెప్పిన హదీసు ఆ పొయ్యి దగ్గరే మాకు అర్థమైంది. యుద్ధంలోగానీ, మదీనాలోగానీ తిండి తక్కువైతే వారు తమ దగ్గరున్నదంతా ఒకే గుడ్డలో పోగుచేసి, ఒకే పాత్రతో కొలిచి అందరికీ సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాణ్ణి అన్న అర్థంలో దైవప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారు. పోగుచేసేటప్పుడు ఎవరు ఎంత తెచ్చారన్న లెక్క అందులో లేదు. పంచేటప్పుడు మాత్రం కొలత ఉంది.

పులుసు వండినప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని చూసుకోమని హజ్రత్ అబూజర్ (రజి)కు చేసిన ఉపదేశాన్ని మా ఆడవాళ్లు అక్షరాలా అమలు చేశారు. కూర పలచనైంది. ఒక్కరూ ఏమీ అనలేదు.

బకెట్టు, తాడు, రంపం

మాఊన్ సూరాను మనం నమాజులో ఎన్నోసార్లు చదువుతాం. దాని చివరి ఆయతులో చిన్నపాటి వస్తువులను కూడా ఇవ్వనివారి ప్రస్తావన ఉంది. మాఊన్ అంటే ఏమిటి? బావిలో నీళ్లు తోడే బొక్కెన, వంటపాత్ర వంటివి ఎరువివ్వడాన్నే ప్రవక్త (స) కాలంలో మేము మాఊన్‌గా లెక్కించేవాళ్లమని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) చెప్పారు. మామూలు రోజుల్లో ఈ వివరణ చదివితే ఇంత చిన్న విషయానికి అంత హెచ్చరికా అనిపిస్తుంది. తుఫాను మరునాడు చదివితే అలా అనిపించదు.

ఆ వారంలో మా వీధికి అవసరమైనవి ఇవీ: చెట్లు కోయడానికి రంపం, గొడ్డలి. ఎత్తుకు ఎక్కడానికి నిచ్చెన. బావి ఉన్న ఇంట్లో బకెట్టు, తాడు. రేకుల మీద కప్పడానికి టార్పాలిన్. ఫోను చార్జింగ్ పెట్టుకోవడానికి జనరేటరు ఉన్న ఇంట్లో ఒక ప్లగ్గు. వీటిలో కొనిచ్చేంత డబ్బు కోరేది ఒక్కటీ లేదు, అన్నీ ఎరువు వస్తువులే. ఒక పెద్దమనిషి తన రంపానికి పదును పోతుందని ఇవ్వలేదు. ఆయన అయిదు పూటలా నమాజీ. ఆ మాట రాయడం మాకు కష్టంగానే ఉంది. కానీ మాఊన్ సూరా నమాజు చేసేవారి గురించే హెచ్చరిస్తున్నదని గుర్తుంచుకోవాలి.

నీటి సంగతి వేరే చెప్పాలి. తన అవసరానికి మించిన నీటిని ఇతరులకు ఇవ్వకుండా ఆపడాన్ని మహాప్రవక్త (స) నిషేధించారు. మదీనాలో రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) సొంత డబ్బుతో కొని అందరికీ వదిలిపెట్టారు. కరెంటు లేక మోటార్లు తిరగని ఆ రోజుల్లో, చేతితో తోడే పాత బావి ఉన్న ఇల్లే మా వీధికి రాజమహల్. ఆ ఇంటివారు పగలంతా గేటు తీసే ఉంచారు. రాత్రి ఇషా దాటాక మాత్రం ఆడపిల్లలున్న ఇల్లు కాబట్టి మూసుకునేవారు. అది సబబే. పొరుగువాడి హక్కు ఇంటి యజమాని గౌరవాన్ని మింగేయకూడదు.

జనరేటరు ఉన్నవారికి ఒక మాట. దాని పొగ, మోత పక్కవారి కిటికీలోకి వెళుతుంటే, మీ ఫ్యాను తిరగడం వారికి బాధగా మారుతుంది. ఎవరి కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతని విశ్వాసం పూర్తి కాదని ప్రవక్త (స) ప్రమాణం చేసి మరీ హెచ్చరించారు. పొగ గొట్టాన్ని వీధివైపు తిప్పడానికి పది నిమిషాలు చాలు. ఇంటి లోపల, మూసిన వరండాలో జనరేటరు నడపడం మీ ప్రాణాలకే ముప్పు. దాని పొగలోని విషవాయువుకు రంగు, వాసన ఉండవు.

సరుకు దాచి ధర పెంచిన వ్యాపారులు కూడా ఉన్నారు. జనానికి అవసరమైన సరుకును ధర పెరగాలని ఆపి ఉంచేవాడు పాపి అని హదీసు స్పష్టంగా చెబుతోంది. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

ఎగిరొచ్చిన రేకు ఎవరిది?

తుఫాను తర్వాత వచ్చే తగాదాల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. మా డాబా మీద ఎవరివో నాలుగు రేకులు పడి ఉన్నాయి. పక్క స్థలంలో ఒక నీళ్ల ట్యాంకు. ఇంకొకరి కొబ్బరిచెట్టు మరొకరి పెరట్లో కాయలతో సహా పడింది. గాలి తెచ్చింది కాబట్టి అల్లాహ్ ఇచ్చినట్లే అని నవ్వుతూ అన్నవారున్నారు. నవ్వుతూ అన్నా అది తప్పు.

దొరికిన వస్తువుకు షరీఅత్‌లో వేరే అధ్యాయమే ఉంది. దాన్ని లుఖతా అంటారు. దొరికిన డబ్బు సంచి గురించి ఒక మనిషి అడిగితే, దాని సంచినీ, కట్టిన దారాన్నీ గుర్తుపెట్టుకుని ఏడాదిపాటు ప్రకటించమని ప్రవక్త (స) ఉపదేశించారు. యజమాని వెతకని అతి చిన్న వస్తువుకు సడలింపు ఉంది. రేకు అలాంటిది కాదు. పేదవాడి ఇంటికి నాలుగు రేకులంటే కొన్ని నెలల పొదుపు. మసీదు గోడమీద, రేషను దుకాణం దగ్గర ఒక కాగితం అంటిస్తే ప్రకటించినట్లే. మేము అంటించాం. రెండు రేకులకు యజమాని వచ్చాడు. తన రేకుకు మూలన నీలం రంగు ఉంటుందన్నాడు, ఉంది. పడిన చెట్టు కూడా ఎక్కడ పడినా చెట్టు యజమానిదే. దాన్ని తీసుకెళ్లే బాధ్యత కూడా అతనిదే.

ఆ చెట్టు పడి గోడ కూలితే నష్టం ఎవరిది? ఎవరి తప్పూ లేకుండా గాలికి పడితే యజమాని మీద పరిహారం లేదు. కానీ హనఫీ ఫిఖ్హ్ గ్రంథాల్లో ఒరిగిన గోడ గురించి ఒక మస్అలా ఉంది. గోడ వీధిలోకో పక్కింటి వైపో ఒరిగి ఉందని చెప్పి, తీసేయమని కోరిన తర్వాత, వీలుండి కూడా యజమాని తీయకపోతే, అది పడి కలిగిన నష్టానికి అతడే బాధ్యుడు. మొదటి తుఫానుకు సగం ఒరిగి అలాగే వదిలేసిన గోడలు, ప్రహరీలు మన వీధుల్లో ఎన్నో ఉన్నాయి. పక్కవారు వచ్చి చెప్పినప్పుడు విసుక్కోకుండా వినాలి.

నష్టాల జాబితా రాసేవారు వచ్చినప్పుడు మరో పరీక్ష. మా వీధిలో కూడా పూర్తిగా కూలిన ఇల్లు, కొంత దెబ్బతిన్న ఇల్లు అని వేరువేరుగా రాసుకున్నారు. సగం గోడ పడిన ఇంటిని మొత్తం కూలినట్లు రాయించుకోమని సలహా ఇచ్చేవారు వీధికి ఇద్దరు దొరుకుతారు. సర్కారు సొమ్మే కదా అంటారు. ఆ సొమ్ముకు హద్దు ఉంటుంది. మనం అబద్ధం చెప్పి తీసుకున్నది ఏ సందులోనో నిజంగా ఇల్లు కూలిన మనిషి వాటా నుంచే పోతుంది. అతడు కూడా పొరుగువాడే, మనకు కనబడని పొరుగువాడు. మామ్మగారి పేరు మొదటి జాబితాలో లేనే లేదు. అద్దెకున్నవారిని అడిగేవారు లేకపోయారు. గది యజమాని వేరే ఊళ్లో ఉన్నాడు. మేము రెండుసార్లు తిరిగి రాయించాం. ఇదేమీ గొప్పకు చెప్పడం లేదు. రెండు రోజుల అప్పు అలా కొంత తీర్చుకున్నాం.

శిక్ష అనే మాట

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాం కానీ, ప్రతి తుఫాను తర్వాతా ఈ మాట వినబడుతూనే ఉంది. ఫలానావారి పాపాల వల్ల వచ్చిందని అంటారు. ఆద్ జాతి ప్రచండమైన గాలితో ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్లు నాశనమైన వృత్తాంతం ఖుర్ఆన్‌లో ఉన్నది నిజమే. అయితే ఆ ఆయతులు అవతరించిన ప్రవక్త (స) మబ్బు పట్టగానే ఏం చేసేవారో హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఆయన ముఖం రంగు మారేది. లోపలికీ బయటికీ తిరిగేవారు. వాన కురిస్తే గాని ఊరట పడేవారు కాదు. ఆయన తన విషయంలో భయపడ్డారు, పక్కింటి వైపు వేలు చూపలేదు. గోడ కూలి దాని కింద చనిపోయిన విశ్వాసికి షహీద్ హోదా ఉందని కూడా ఆయనే తెలిపారు. మరి కూలిన ఇంటి ముందు నిలబడి తీర్పు చెప్పే హక్కు మనకెక్కడిది?

తర్వాతి నెలలు

1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది మంది కొట్టుకుపోయారు. హుద్‌హుద్ నాటికి హెచ్చరికలు ముందుగా అందాయి, లక్షకు పైగా ప్రజలను ఖాళీ చేయించారు, మరణాలు ఎంతో తగ్గాయి. అల్లాహ్‌కు కృతజ్ఞతలు. కానీ ప్రాణం దక్కించుకున్నవారి కష్టం లారీలు వెళ్లిపోయాక మొదలవుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. కొబ్బరి మొక్క నాటితే కాపు రావడానికి ఏళ్లు పడుతుంది. పులిహోర పొట్లాల అవసరం వారంలో తీరుతుంది, తోట పోయిన మనిషి అవసరం అన్నేళ్లూ ఉంటుంది. మొదటి వారం అడిగినవాళ్లం ఆరో నెలలో అడుగుతున్నామా?

మసీదు ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ గురించి హదీసు ఉంది. కొన్ని రోజులు ఆమె కనిపించకపోతే దైవప్రవక్త (స) అడిగారు. చనిపోయిందన్నారు. నాకెందుకు చెప్పలేదు అని ఆయన ప్రశ్నించారు. ఆమె విషయాన్ని వారు చిన్నదిగా భావించారని హదీసులో ఉంది. ఆయన ఆమె సమాధి ఎక్కడో చూపించమని వెళ్లి నమాజు చేశారు. మేము ఈ హదీసును చదివినప్పుడల్లా మాకు ఆగిపోయిన చీపురు చప్పుడు వినిపిస్తుంది.

ఆ ఏడాది నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. వంటింటి తలుపు వెనక ఒక కాగితం ఉంటుంది. నాలుగు వైపులా ఉన్న ఇళ్లు, ఒంటరిగా ఉండేవారు, మంచం పట్టినవారు, రోజూ మాత్రలు వేసుకునేవారు, బాలింతలు. వెనక గోడ వైపు ఇళ్లు కూడా రాశాం. తుఫాను హెచ్చరిక వస్తే కొవ్వొత్తులు కొనకముందే ఆ కాగితం తీస్తాం. గాలి తగ్గి బయటికి వెళ్లడానికి వీలవగానే మళ్లీ అదే కాగితం పట్టుకుని తలుపులు తడతాం. ఆ పని ఎక్కువగా పిల్లలే చేస్తారు. వారికి ఎవరు కనబడలేదో బాగా తెలుస్తుంది.

మామ్మగారికి ఆ నాలుగు రోజులూ మా స్టీలు గిన్నెలో అన్నం వెళ్లేది. రేకులు మళ్లీ వేయించాక ఆవిడ ఆ గిన్నె తోమి తిరిగి తెచ్చారు. మన తెలుగు ఇళ్లలో గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు కదా. అందులో పడిపోయిన చెట్టు మోడు నుంచి కొత్తగా వచ్చిన మునగాకు గుప్పెడు ఉంది. మేకకాలి గిట్టను పంపినా పొరుగింటి కానుకను తక్కువగా చూడవద్దని ప్రవక్త (స) స్త్రీలకు చేసిన ఉపదేశాన్ని మా అమ్మాయి అప్పటికే మదరసాలో నేర్చుకుంది. ఆ పూట మునగాకు పప్పు తనే వండుతానంది.